విరేచనాలు తగ్గిన తరువాత వచ్చే మోకాలి వాపు

వానాకాలం మొదలైతే హైదరాబాద్‌లో కలుషితమైన నీళ్ళ వల్లనో, బయట తిన్న తిండి వల్లనో విరేచనాలు పట్టుకోవడం చాలా ఇళ్ళలో మామూలే. నాలుగైదు రోజుల్లో అవి తగ్గిపోతాయి, ఎవరూ మళ్ళీ తలచుకోరు. అయితే కొద్దిమందికి, ఒకటి నుంచి నాలుగు వారాలు గడిచాక, మోకాలో చీలమండో వాస్తుంది; కొందరికి కళ్ళు ఎర్రబడి మూత్రంలో మంట కూడా పుడుతుంది. వైద్యులు దీనిని రియాక్టివ్ ఆర్థ్రైటిస్ అంటారు. మా పిన్ని కొడుక్కి ఇది వచ్చినప్పటి నుంచి దీని గురించి శ్రద్ధగా చదువుతున్నాను.

సాల్మొనెల్లా, షిగెల్లా, కాంపైలోబాక్టర్, యెర్సీనియా వంటి పేగు బాక్టీరియాలు, మూత్రమార్గానికి సోకే క్లమీడియా దీనికి దారితీస్తాయి. విచిత్రమేమిటంటే, వాచిన కీలు నుంచి తీసిన ద్రవాన్ని కల్చర్ చేస్తే, అంటే ల్యాబ్‌లో సూక్ష్మజీవులను పెంచి చూస్తే, సాధారణంగా ఏ బాక్టీరియా పెరగదు. బతికి ఉన్న సూక్ష్మజీవి అక్కడ దొరకకపోయినా, దాని ప్రోటీన్ల అవశేషాలు కీలు పొరలో కనిపించిన సందర్భాలు ఉన్నాయి. అంటే సోకిన జీవిపై లేచిన రోగనిరోధక వ్యవస్థ, ఆ పని ముగిశాక కూడా సద్దుమణగకుండా, సొంత కీళ్ళనే వాచేలా చేస్తోందన్నమాట.

మరి ఒకే కుండలో నీళ్ళు తాగిన ఇంటిల్లిపాదికీ ఇది ఎందుకు రాదు? ఇక్కడే హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే జన్యువు ముందుకొస్తుంది. కణం లోపలి ప్రోటీన్ ముక్కలను రోగనిరోధక వ్యవస్థలోని టి-కణాలకు చూపించే అణువును తయారుచేసేది ఇదే. ఇది ఉన్నవారిలో జబ్బు వచ్చే అవకాశమూ, వస్తే తీవ్రంగా, ఎక్కువకాలం ఉండే అవకాశమూ పెరుగుతాయి. వెన్నెముకను బిగుసుకుపోయేలా చేసే యాంకిలోసింగ్ స్పాండిలైటిస్‌తో దీని సంబంధం 1973లోనే బయటపడింది. అయినా ఈ జన్యువు ఉన్నవారిలో అత్యధికులకు జీవితాంతం ఏ కీళ్ళ జబ్బూ రాదు. అందుకే ల్యాబ్ రిపోర్టులో ‘పాజిటివ్’ అని చూసి ఇల్లంతా కుంగిపోవడం నన్ను చాలా బాధపెడుతుంది.

ఇలా ఇన్ఫెక్షన్ తరువాత సొంత శరీరమే దెబ్బతినే దారి, గొంతుకు సోకే స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా విషయంలో మరింత స్పష్టంగా తెలుసు. దాని ఎం-ప్రోటీన్‌కు గుండె కండరంలోని మయోసిన్ అనే ప్రోటీన్‌తో పోలిక ఉండటంతో, కొందరు పిల్లల్లో ప్రతిరక్షకాలు గుండె కవాటాలను దెబ్బతీస్తాయి; ఇదే రుమాటిక్ జ్వరం. ఆ గొంతునొప్పికి తొమ్మిది రోజుల్లోపు పెన్సిలిన్ మొదలుపెడితే దీన్ని చాలావరకు నివారించవచ్చు.

పేగు ఇన్ఫెక్షన్ తరువాత వచ్చిన కీళ్ళవాపుకు మాత్రం యాంటీబయాటిక్స్‌తో పెద్దగా ప్రయోజనం ఉండదు. వాపు తగ్గించే మందులే ఆధారం, ఎక్కువమందికి కొన్ని నెలల్లో నయమవుతుంది. కారణం తెలియకుండా కీలు వాస్తే, పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రిలో ఉన్నటువంటి, కీళ్ళ జబ్బులు చూసే రుమటాలజీ విభాగానికి వెళ్ళండి. నెల కిందటి విరేచనాల సంగతి వైద్యుడు అడగకపోయినా మీరే చెప్పండి.