కుట్లు లేని అతుకు

ముందుకు వంగితే చాలు, కుడి ముక్కు నుంచి ఉప్పగా, ఏమాత్రం జిగురు లేని నీరు బొట్లు బొట్లుగా రాలేది. జలుబు మందులకు లొంగలేదు. ఆ నీటిని సీసాలో పట్టి పరీక్షకు పంపితే బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ బయటపడింది. ముక్కు చీమిడిలో ఉండని ప్రోటీన్ అది. అంటే కారుతున్నది మెదడు చుట్టూ ఉండే ద్రవం! ముక్కు పైకప్పులోని జల్లెడ ఎముకలో చిన్న చీలిక ఉన్నట్టు సీటీ స్కాన్ చూపించింది. నాకు దెబ్బేమీ తగల్లేదు. తలలో పీడనం ఎక్కువై, ఏళ్ల తరబడి నెట్టీ నెట్టీ పలచని ఎముకను తెంచి ఉంటుందన్నారు డాక్టరుగారు. వదిలేస్తే మెనింజైటిస్, అంటే మెదడు పొరలకు ఇన్ఫెక్షన్ సోకే భయం.

1926లో అమెరికన్ న్యూరోసర్జన్ వాల్టర్ డాండీ ఇలాంటి రంధ్రాన్ని మూసింది పుర్రె తెరిచి. నాకు ఎండోస్కోపుతో ముక్కులోంచే చేస్తామన్నారు. ఎముకకు లోపలి వైపు తొడ నుంచి తీసిన ఫాసియా లాటా, అంటే అక్కడి కండరాలను చుట్టి ఉండే గట్టి పొర. ముక్కు వైపు, ముక్కు మధ్య గోడ నుంచి లేపిన పొర. ఈ రెండోదాన్ని పూర్తిగా కోసి తీయరు. రక్తనాళాన్ని అలాగే ఉంచి తిప్పి పరుస్తారు కాబట్టి అది సొంత రక్తంతోనే బతుకుతుంది. హదాద్, బస్సగస్తెగి అనే డాక్టర్లు 2006లో వివరించిన పద్ధతి ఇది. చిన్న చీలికకు విడి పొర కూడా సరిపోతుంది కానీ, నా పీడనం చూసి దీన్ని ఎంచుకున్నారు.

"మరి కుట్లు?" అని అడిగాను.

"వేయం. లోపలి పొరను తలలోని పీడనమే ఎముకకు అదిమి పెడుతుంది. పైన ఫైబ్రిన్ జిగురు (రక్తం గడ్డకట్టించే ప్రోటీన్‌తో చేసినది), ప్యాకింగ్. మితి మీరిన పీడనమైతే మాత్రం పొరను తోసేస్తుంది."

ఆ తర్వాత పెట్టిన ఆంక్షలన్నీ ఆ ఒక్క మాటలోంచి వచ్చినవే. ముక్కు చీదకూడదు, ముక్కకూడదు, బరువు ఎత్తకూడదు. తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి. తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి. విరేచనం సాఫీగా అవడానికి మందు కూడా ఇచ్చారు. చీదితే గాలి పుర్రెలోకి దూరే ప్రమాదముందట. ఆపరేషన్ మత్తులో గడిచిపోయింది, అసలు ఓపిక ఈ వారాలకే కావలసి వచ్చింది. నోరు తెరిచి తుమ్మడం ఇంటిల్లిపాదికీ వినోదమైంది లెండి. ముక్కు కన్నా తొడ ఎక్కువ బాధపెట్టింది, దానికి మాత్రం నేను సిద్ధపడి లేను. ముక్కులో కట్టిన పక్కులను డాక్టరుగారు ఎండోస్కోపుతో చూస్తూ తీసేవారు. వాసన కొన్నాళ్లు తెలియలేదు.

ఇప్పుడు కారడం లేదు. పీడనం దిగకపోతే మళ్లీ తెగవచ్చు కాబట్టి బరువు తగ్గుతూ, ఆ ద్రవం ఊరడాన్ని తగ్గించే ఎసిటజోలమైడ్ మందు వాడుతున్నాను. దాంతో వేళ్లకు తిమ్మిరి, సోడా తాగితే ఒకటే చప్పదనం.