తుప్పు, పాత పెయింట్ ఊడగొట్టే బ్లాస్టింగ్: గాలి దగ్గరే అసలు చిక్కు

బ్లాస్టింగ్ అంటే గాలి ఒత్తిడితో గరుకు రేణువులను గన్‌తో చిమ్మి పైపొర ఊడగొట్టడం. పెయింట్ సరిగ్గా ఊడకపోతే అందరూ గన్‌ను తిట్టుకుంటారు. తప్పు చాలాసార్లు కంప్రెసర్‌ది. 3 మి.మీ. నాజిల్‌కి (గన్ మూతి) 80 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర సుమారు 17 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) గాలి కావాలి. అరిగి 4 మి.మీ. అయిందంటే ఇంకో ముప్పావు వంతు అదనం. కంప్రెసర్ అందుకోలేదు, ప్రెషర్ పడిపోతుంది. సిరామిక్ నాజిళ్లు రెండు మూడు అదనంగా ఉంచుకోండి.

మామూలు ఇసుక మాత్రం వద్దే వద్దు. పగిలిన సిలికా ధూళితో సిలికోసిస్ వస్తుంది, అది నయం కాదు. 80 గ్రిట్ (రేణువుల సైజు) గార్నెట్ అనే ఖనిజపు రేణువులు వాడండి. పాత పెయింట్‌లో సీసం కూడా ఉండొచ్చు కాబట్టి గుడ్డ మాస్కు సరిపోదు, గాలి సరఫరా ఉన్న హుడ్ కావాలి.

గ్రీజు ముందే తుడిచేయండి. పలుచని రేకుకి 40 పీఎస్ఐ దాటొద్దు, గన్ వాలుగా పట్టి కదుపుతూ ఉండాలి. ఒకేచోట ఆపితే దెబ్బలకి పైపొర సాగి రేకు ఉబ్బుతుంది. మళ్లీ చదును చేయడం నరకం.

గార్నెట్ ఆగి ఆగి వస్తోందా? తేమ చేరినట్టే. వాటర్ ట్రాప్ (గాలిలోని నీటిని పట్టే ఫిల్టర్) కంప్రెసర్ పక్కనే బిగిస్తే లాభం లేదు, వేడి గాలిలో నీరు ఇంకా ఆవిరిగానే ఉంటుంది. పొడవాటి పైపులో గాలి చల్లారాక, గన్‌కి దగ్గరగా బిగించాలి.

పని అయ్యాక ఇనుమును వట్టి చేత్తో ముట్టకండి. ధూళి ఊదేసి, కొన్ని గంటల్లోపే ప్రైమర్ కొట్టేయండి.