టైంటేబుల్‌లో ఖాళీకీ ఒక గడి ఉంచండి

ప్రభుత్వ ఉద్యోగాల గ్రూప్స్ పరీక్షలకు కూర్చున్న కొత్తలో ఎవరి టైంటేబుల్ చూసినా ఒక్కలాగే ఉంటుంది. పొద్దున 5 నుంచి రాత్రి 11 దాకా గడులన్నీ పాలిటీ, ఎకానమీ, తెలంగాణ ఉద్యమం, రీజనింగ్, కరెంట్ అఫైర్స్‌తో నిండిపోతాయి. ఖాళీకి ఒక్క గడి కూడా ఉండదు. గడి ఇవ్వకపోతే ఖాళీ రాకుండా ఉండదు, దొంగదారిన వస్తుంది. కళ్ళు పేజీ మీదే ఉంటాయి, మనసు ఎటో తిరుగుతుంది. చాయ్‌కని లేచినవాళ్ళు గంటకు తిరిగొస్తారు. రాత్రి లెక్క చూసుకుంటే నిజంగా చదివింది ఆరు గంటలే, రోజంతా కూర్చున్న అలసట మాత్రం పూర్తిగా మిగులుతుంది.

ఈ చదువు ఎన్నాళ్ళు నడుస్తుందో ముందే చెప్పలేం. 783 పోస్టుల తెలంగాణ గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబర్‌లో వచ్చింది. పరీక్ష 2023 ఆగస్టు నుంచి నవంబర్‌కు, అక్కడి నుంచి 2024 జనవరికి, మళ్ళీ ఆగస్టుకు వాయిదా పడుతూ చివరికి 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో జరిగింది. 4 పేపర్లు, 600 మార్కులు, దాదాపు రెండేళ్ళ ఎదురుచూపు. మూడు నెలల్లో అయిపోతుందనుకుని రోజుకు 14 గంటలు కూర్చున్నవాళ్ళు మొదటి వాయిదాకే డీలా పడతారు. పుస్తకాలు కట్టగట్టి ఊరికి పోయి నెలన్నర ముట్టరు. అట్లా తెగిన చదువును మళ్ళీ అందుకోవడానికి ఇంకో నెల పడుతుంది. రోజుకు ఇంత, వారానికి ఇంత అని విరామం ముందే పెట్టుకున్నవాళ్ళకు వాయిదా వచ్చినా రోజువారీ పద్ధతి చెదరదు.

పాలిటీ చదివేవాళ్ళు రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాల్లో 43వ అధికరణాన్ని జీవన వేతనం అని గుర్తుపెట్టుకుని ముందుకు పోతారు. కార్మికులు తీరికను పూర్తిగా అనుభవించేలా, సాంఘిక, సాంస్కృతిక అవకాశాలు పొందేలా రాజ్యం చూడాలని కూడా అందులోనే ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టం పనికి వారానికి 48 గంటల హద్దు పెట్టింది. వరుసగా 5 గంటలు దాటకముందే కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలంది, వారానికో రోజు సెలవు రాసింది. యంత్రం ముందు నిలబడే మనిషికి అవసరమైన విశ్రాంతి, పుస్తకం ముందు కూర్చునే మనిషికి అక్కర్లేదనుకోవడం ఎట్లా?

విరామం ఎంతసేపు తీసుకున్నామనే దానికన్నా అందులో ఏం చేశామన్నది ముఖ్యం. ఇందుకు రెండు షరతులు పెట్టుకుంటే చాలు. మొదటిది, దానికదే అయిపోయేది కావాలి. ఒక చాయ్ అయిపోతుంది, స్టడీ హాల్ చుట్టూ రెండు రౌండ్లు అయిపోతాయి, ఒక క్యారమ్స్ ఆట అయిపోతుంది. రీల్స్ అయిపోవు. ఒకటి పూర్తికాకముందే ఇంకొకటి వచ్చి నిలబడుతుంది, ఆపే పని మన మీదే పడుతుంది. చదివి అలసిన బుర్రకు అప్పుడు కొరవడేది సరిగ్గా ఆ ఆపే శక్తే. అందుకే పది నిమిషాలు నలభై అవుతాయి. రెండో షరతు, అప్పటిదాకా వాడిన అవయవానికి పని చెప్పొద్దు. అక్షరాలు చూసిన కళ్ళకు మళ్ళీ స్క్రీన్ చూపిస్తే అది విరామం కాదు. కాళ్ళకో చేతులకో పని ఇవ్వండి, నీళ్ళ బాటిల్ నింపుకు రండి, మెట్లెక్కి దిగండి.

50 నిమిషాలు చదివి 10 నిమిషాలు లేవడం చాలామందికి కుదురుతుంది. లెక్కలు, రీజనింగ్ చేసేటప్పుడు మధ్యలో తెగితే మళ్ళీ మొదటికొస్తుంది కాబట్టి 75 నిమిషాలకు 15 పెట్టుకోండి. ఎక్కడ ఆపామో మార్జిన్‌లో పెన్సిల్‌తో ఒక్క ముక్క రాసి లేస్తే, తిరిగొచ్చాక వెతుకులాట ఉండదు. కూర్చున్నచోటే 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్నదేదైనా 20 సెకన్లు చూస్తే కళ్ళ మంట తగ్గుతుంది. తిన్నాక కునుకు 20 నిమిషాలు దాటనివ్వకండి. గంట పడుకుంటే తల దిమ్ముగా లేస్తారు, ఆ దిమ్ము వదలడానికి ఇంకో అరగంట పోతుంది. అలారం చేతికి అందనంత దూరంలో పెట్టండి.

ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండ, పాలమూరు ఎండలకు రేకుల గదిలో మధ్యాహ్నం 1 నుంచి 4 దాకా ఎంత కూర్చున్నా ఏదీ తలకెక్కదు. ఆ మూడు గంటలతో కొట్లాడకండి. కష్టమైన సబ్జెక్టు పొద్దున 5 నుంచి 9 మధ్యకు మార్చి, ఆ వేళకు కునుకు, బట్టలుతకడం, ఆడియో క్లాసు వినడం లాంటివి పెట్టుకోండి.

వారానికి ఒక పూట పూర్తిగా వదిలేయండి, ఆదివారం మధ్యాహ్నం తర్వాతైతే మేలు. పొద్దున మాక్ టెస్ట్ రాసి, తప్పులు చూసుకుని లేస్తే ఆ పూట మనసు పీకదు. నల్లగొండలో ఉండేవాళ్ళకు పక్కనే పానగల్లు ఉంది. అక్కడి ఛాయా సోమేశ్వరాలయం కందూరు చోడ రాజుల నాటి త్రికూటాలయం. మధ్యలో మంటపం, దాని చుట్టూ మూడు గర్భగుళ్ళు. ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ నిలువుగా పడుతుంది. బయట పొద్దు తిరిగినా ఆ నీడ చోటు మారదు. వెలుగు నేరుగా కాకుండా మంటపం స్తంభాల సందుల్లోంచి చెదిరి లోపలికి రావడమే దానికి కారణం. కాసేపు గడప దగ్గర కూర్చుని, వెలుగు ఏ సందులోంచి వస్తుందో వెతకండి. తర్వాత ఉదయ సముద్రం చెరువు కట్ట మీద నడవండి. మహబూబ్‌నగర్ వాళ్ళకు పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టు ఉంది. 2018లో చెదలు పట్టినప్పుడు ఆ మానుకు సెలైన్ సీసాలతో చుక్కచుక్కగా క్లోరిపైరిఫాస్ మందు ఎక్కించి బతికించారు. ఇవన్నీ సిలబస్‌కు పనికొచ్చేవే, అయినా నోట్సు పట్టుకుని పోకండి. ఊరికే చూసి రండి. చూసింది దానంతటదే గుర్తుంటుంది.

ఇంట్లో ఉండి చదివే అక్కచెల్లెళ్ళ సంగతి వేరు. పుస్తకం మూయగానే “ఖాళీగానే ఉన్నావు కదా” అని ఏదో ఒక పని చెబుతారు. పత్తి ఏరే రోజుల్లో, నాట్లప్పుడు చేనికి పోక తప్పని ఇళ్ళూ ఉన్నాయి. పని మారినందుకు మనసు కొంత తేలికపడొచ్చు, ఒళ్ళు మాత్రం అలుస్తుంది. దాన్ని విరామం ఖాతాలో వేయకండి. ఆ రాత్రి కొత్త చాప్టర్ పెట్టుకోకుండా పాత బిట్లు చూసుకుని పడుకోండి. జిల్లా గ్రంథాలయానికి పోయే వీలుంటే ఇంటికొచ్చే వేళను అరగంట ఆలస్యంగా చెప్పండి. ఆ అరగంట పూర్తిగా మీది.

పరీక్ష రోజున కూడా ఖాళీ సమయం ఉంటుంది. 2024 డిసెంబర్ గ్రూప్-2లో మొదటి పేపర్ 10 నుంచి 12.30, రెండోది 3 నుంచి 5.30. గేటు 2.30కే మూశారు కాబట్టి చేతిలో ఉండేది రెండు గంటలే. చాలామంది ఆ సమయాన్ని గేటు బయట గుంపులో నిలబడి మొదటి పేపర్ జవాబులు సరిచూసుకోవడానికే పోగొట్టుకుంటారు. తప్పయిన నాలుగు ప్రశ్నలు రెండో పేపర్‌లోకి వెంటవస్తాయి. ముందురోజే సెంటర్ దగ్గర నీడ ఎక్కడుందో చూసి పెట్టుకోండి. 1 గంటకల్లా పెరుగన్నమో, అరటిపండో కడుపు బరువెక్కకుండా తినండి. తోడొచ్చినవాళ్ళకు అలారం అప్పజెప్పి 20 నిమిషాలు కళ్ళు మూసుకోండి. తర్వాత సొంతంగా రాసుకున్న ఒక్క పేజీ తిరగేసి, 2 గంటలకు గేటు దగ్గర ఉండండి.