మూత తియ్యకు, మేత వెయ్యకు

మన బడి జ్ఞాపకాల సంచికకి ఏదైనా రాయమని కమిటీవాళ్ళు మూడుసార్లు ఫోన్ చేశారు. "ఒక్క పేజీ చాలు" అన్నారు. మన రేడియోగాడైతే రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో బడిగంట బొమ్మ పెట్టి చంపుతున్నాడు. సరే, కూర్చున్నాను. ఆరు, ఏడు తరగతులు ఒక్క ముక్క గుర్తులేవు. పదో తరగతి సంగతులు, ఆ సైకిలు గొడవతో సహా, ఎలాగూ మిగతావాళ్ళు రాస్తారు. నాకు మాత్రం తొమ్మిది 'బి' కిటికీలో పెట్టిన సీసానే.

కిరాణాకొట్టు బిస్కెట్ల సీసా అది. ఖాళీ చేసింది ఎవరో మీకు చెప్పక్కర్లేదు. అడుగున కాలవ ఇసుక, పైన ముప్పాతిక వంతు చెరువు నీళ్ళు, హైడ్రిల్లా అనే నీటిమొక్క రెమ్మలు నాలుగు, ఆరు నత్తలు, గోరంత పరిగె చేపపిల్లలు రెండు. పంద్రాగస్టు మర్నాడు సైన్సు మాస్టారు కొవ్వొత్తి కరిగించి మూత చుట్టూ మైనం పోశారు. "ఇక మూత తియ్యకు, మేత వెయ్యకు." ఆ ఏడాది మన సుప్రభాతం అదే.

1850లో లండన్‌లో వారింగ్టన్ అనే కెమిస్టు చేపల్నీ నీటిమొక్కనీ కలిపి ఇలాగే పెంచాడట. ఆకులు కుళ్ళి నీళ్ళు పాడవుతుంటే నత్తల్ని వదిలాడు. అవి కుళ్ళుని తినేశాయి, నీళ్ళు తేటబడ్డాయి. ఈ కథ చెప్పి మాస్టారు నత్తలకి పారిశుధ్య శాఖ అని పేరు పెట్టారు. ఆ పేరు తర్వాత ఎవరికి అంటుకుందో రాయను, ఆవిడ ఇప్పుడు పెద్ద ఆఫీసరు.

పదకొండింటికి ఎండ పడగానే రెమ్మల చివర్ల నుంచి బుడగలు దారానికి గుచ్చినట్టు లేచేవి. ఓరోజు గాజుకి లోపల సగ్గుబియ్యం జావ చుక్కలాంటిది కనిపించింది. నత్త గుడ్లు. పది పదిహేను రోజులకి ఆ చుక్కలో ఆవగింజలు కదిలాయి. ఆ రోజు తెలుగు పీరియడ్‌లో పుస్తకం చూసినవాడు లేడు.

దసరా సెలవుల తర్వాత మూత తీస్తే మురుగు కంపు. రెమ్మలు మెత్తబడి రాలిపోయాయి, పరిగెలు రెండూ తేలాయి. నత్తలు కొన్ని మూత దాకా పాకి అక్కడ అంటుకుని ఉన్నాయి. "మైనం గీకింది ఎవడ్రా?" అన్నారు మాస్టారు. అందరం బొంగరంగాడి వైపు చూశాం. మరమరాలు వెయ్యబోయి వాడు అంతకుముందే రెండుసార్లు దొరికాడు. పీరియడంతా గోడకుర్చీ వేశాడు.

ఒరేయ్ బొంగరం, అది నేను. లీడర్ని కదా, తాళాలు నా దగ్గరే ఉన్నాయి. సెలవుల్లో బంతి తగిలి సీసా పగులుతుందని మ్యాపుల బీరువాలో పెట్టి తలుపేశాను. బడి తెరిచిన రోజు అందరికంటే ముందొచ్చి మళ్ళీ కిటికీలో పెట్టేశాను. చీకట్లో మొక్క గాలి ఇవ్వదు సరికదా, ఉన్నది తనే వాడుకుంటుందని నాకప్పుడు తెలీదు.

ఇప్పుడు బాగా తెలుసు. 94-95లో తెల్లమచ్చ తెగులుకి నాన్న వేసిన టైగర్ రొయ్య అంతా పోయింది. అప్పు తీర్చడానికే చాలా ఏళ్ళు పట్టింది. మళ్ళీ వనామి రకం రొయ్యతో మొదలెట్టాను. సొంతం పన్నెండెకరాల చెరువులు, నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు, జనరేటరు, నీళ్ళలో ఆక్సిజన్ కొలిచే డీవో మీటరు. మబ్బు పట్టిన రోజు తెల్లవారుజామున మూడింటికే గట్టు మీద ఉంటాను. పగలు ఆక్సిజన్ తయారుచేసే నాచే రాత్రి దాన్ని లాగేస్తుంది, తెల్లారబోయే ముందే బాగా పడిపోతుంది. మీటరు నాలుగు లోపు చూపిస్తే టెన్షన్, మూడంటే పరుగే. చుట్టుపక్కల కుర్రాళ్ళు మబ్బు పడితే ముందు నాకే ఫోన్ చేస్తారు. వాళ్ళు "సార్" అంటుంటే వినడానికి బాగానే ఉంటుంది, అబద్ధమెందుకు.

మాస్టారు సన్మానానికి వస్తున్నారట. ఈ పేజీ ఆయన చేతికి ముందురోజు మాత్రం ఇవ్వకండి, కమిటీవారూ. బొంగరం, ఐస్‌పెట్టెలో ఐదు కేజీల రొయ్యలు తెస్తున్నాను, ముప్పై కౌంటు, అంటే కేజీకి ముప్పై. గోడకుర్చీ బాకీ.