పాపను ఎవరి దగ్గర వదిలి కాకుటూరు వెళ్లాలి?

విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో నాకు పీజీ సీటు వచ్చేనాటికి మా పాపకు రెండేళ్ల నాలుగు నెలలు. మేముండేది నెల్లూరు వేదాయపాళెంలో, క్యాంపస్ ఉన్నది చెన్నై రహదారి మీద కాకుటూరులో. బస్సు కోసం నిలబడే సమయం కూడా కలుపుకొంటే, ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదున్నర వరకు పాపను కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. మావారివి షిఫ్టులు. మా అత్తగారు మంచాన ఉన్న మామగారిని వదిలి కావలి నుంచి రాలేరు.

మొదట మా వీధి అంగన్‌వాడీకి వెళ్లాను. మూడేళ్లు నిండిన వాళ్లనే బడిలా కూర్చోబెట్టుకుంటారనీ, అంతకన్నా చిన్నవాళ్లకు బాలామృతం వంటి పోషకాహారం ఇంటికే ఇస్తారనీ టీచరు చెప్పారు. కేంద్ర ప్రభుత్వ మిషన్ శక్తి పథకంలో భాగంగా 'పాల్నా' పేరుతో ఆరు నెలల పిల్లలను సైతం పగలంతా చూసుకునే క్రెష్‌లు ఉంటాయని కూడా చెప్పారు గానీ, మాకు అందే దూరంలో అలాంటిది దొరకలేదు. యాభై మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలో క్రెష్ ఉండాలన్న 2017 నాటి ప్రసూతి ప్రయోజనాల సవరణ చట్టం ఉద్యోగినుల కోసం వచ్చినది, విద్యార్థినినైన నాకు పనికిరాదు.

ఇక ప్రైవేటు క్రెష్ ఒకటి చూశాను. ఫీజు అడిగాను, గోడల మీది బొమ్మలు చూశాను, ఒక్కో ఆయా ఎందరు పిల్లలను చూస్తుందని మాత్రం అడగలేదు. నాలుగో రోజు క్లాసు జరగక మూడింటికే వెళితే, పాప టీవీ ముందు కూర్చుని ఉంది. ఉదయం నేను తొడిగిన డ్రాయరే తడిసి, ఆరి, ఒంటికి అంటుకుని ఉంది. డబ్బాలో పప్పన్నం మూత తీయకుండా అలాగే ఉంది. కట్టిన ఫీజు తిరిగి రాలేదు, నేనూ ఎక్కువ అడగలేదు.

చివరకు పక్క సందులో, మనవలను పెంచి పెద్దచేసిన పెద్దమ్మ ఒప్పుకుంది. "జ్వరమొస్తే ఇంటికాడ నువ్వే ఉండాలమ్మాయ్, మందులు నేను పొయ్యను. నీ పాత చీర ఒకటి ఇచ్చిపో, ఉతకబాక," అంది. చీర ఎందుకో నాకు అర్థం కాలేదు. వారం పాటు పాపను మొదట గంట, తర్వాత రెండు గంటలు, ఆపైన ఒక పూట ఆమె దగ్గర వదిలి అలవాటు చేశాను. మూడో రోజు వెళ్లేసరికి ఆ చీరతోనే ఉయ్యాల కట్టి ఉంది, పాప కొంగును ముక్కుకు ఆనించుకుని నిద్రపోతోంది.

మిగిలింది హాజరు. పీహెచ్‌డీ చేసే మహిళలకు ప్రసూతికి, పిల్లల సంరక్షణకు కలిపి 240 రోజుల దాకా సెలవు ఇవ్వవచ్చని యూజీసీ (విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం) నిబంధనల్లో ఉంది, కానీ నాది పీజీ. డెబ్బై ఐదు శాతం హాజరు తప్పదు కాబట్టి, మానుకోగల ఆ పాతిక శాతాన్నీ పెళ్లిళ్లకు, పేరంటాలకు పోనీయకుండా పాప జ్వరాల కోసం దాచుకున్నాను. మొదటి సెమిస్టరు డెబ్బై ఎనిమిదితో గట్టెక్కాను.

మూడేళ్లు నిండగానే పాపను అంగన్‌వాడీలో చేర్చాను. అక్కడ బడి వదిలే వేళకు పెద్దమ్మే వెళ్లి తీసుకొస్తుంది. ఇక ఆమెకిచ్చేది తగ్గించవచ్చు కదా అని మావారు అన్నారు. నేను తగ్గించలేదు.