కందకం తవ్వితేనే సిమెంటు రోడ్డు

2025 మే, గురువారం

ఎండ ముదరకముందే కొలతలు ముగించాలని పొద్దున ఆరు గంటలకే గుట్ట దగ్గరికి చేరుకున్నాను. ఉపాధి హామీలో టెక్నికల్ అసిస్టెంటుగా పనికి అంచనా వేయడం, మార్కింగ్ ఇవ్వడం, జరిగిన పనిని టేపుతో కొలిచి కొలతల పుస్తకంలోకి ఎక్కించడం నా బాధ్యత. 2025 ఏప్రిల్ నుంచి దినకూలి రూ.307 అయింది కానీ, అది పూర్తి కొలతకు వచ్చే మొత్తం. మట్టి తక్కువ తవ్వితే కూలి కూడా తగ్గుతుంది. అందుకే వేసవిలో నా టేపు వైపు కూలీలు చూసే చూపులో నమ్మకమూ అనుమానమూ సగం సగం ఉంటాయి.

కల్వకుర్తికి దక్షిణాన ఉన్న ఈ ఊళ్లో గుట్ట వాలు మీద వాననీటిని ఆపే కందకాలు తవ్విస్తున్నాము. 2023 జనవరి నుంచి రోజుకు రెండుసార్లు పనిచోట కూలీల ఫొటో తీసి ఫోన్లో ఎక్కించడం తప్పనిసరి కనుక, కూలీల హాజరు చూసే మేట్ సిగ్నల్ కోసం ఒక గుండురాయి ఎక్కి ఫోను పైకెత్తి నిలబడ్డది. ఆమె దిగి వచ్చేలోగా నేను కొత్త వరుస కొలవడం మొదలుపెట్టాను. పైన మొరం, కింద గడ్డపారకు కూడా లొంగని గట్టి పొర. లోతు ఎక్కడా తగ్గకపోవడం ఆశ్చర్యంగానే అనిపించింది.

దానికి ఎగువన నిరుడు తవ్విన వరుస ఉన్నది. బిల్లు ఎప్పుడో అయిపోయింది కాబట్టి అక్కడ నేను కొలవవలసింది ఏమీ లేదు. అయినా ఒక కందకం దగ్గర ఆగి, అడుగున పేరుకున్న మట్టిని పారతో నిలువుగా కోయించి చూశాను. సన్నని ఎర్ర ఒండ్రు, దానిపైన ముతక ఇసుక, మళ్లీ ఒండ్రు, మళ్లీ ఇసుక. పడ్డ ప్రతి పెద్దవాన తన పొరను విడిగా పరిచి పోయింది. మీటరుకు సగం లోతు తవ్విన కందకంలో ఇప్పుడు జానెడు కూడా ఖాళీ లేదు. కూలీలలో పెద్దామె ఒకరు తట్ట కింద పెట్టి, "సారూ, ఇది పూడిపాయె గదా, గీండ్ల నీళ్లు యాడ ఆగుతయి? తోడిపియ్యరా?" అని అడిగింది. పక్కనే సిమెంటు దిమ్మె మీద పని పేరు, మంజూరైన మొత్తం రాసిన సమాచార ఫలకం మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నది. ఫలకానికి అంచనాలోనే ఖర్చు చూపిస్తాము, అది లేకపోతే తనిఖీలో అభ్యంతరం వస్తుంది. కందకం పూడిపోతే ఎవరికీ అభ్యంతరం రాదు.

ఆమె అడిగిన ప్రశ్నకు చట్టంలో జవాబు లేకపోలేదు, ఈ పథకం కింద ఏర్పడిన ఉమ్మడి ఆస్తుల నిర్వహణ కూడా చేపట్టదగిన పనే. అయినా మా ప్రతిపాదనల జాబితాలో అది కనబడదు, ఎందుకంటే డబ్బు నడిచే దారి వేరు. 2025లో ఉన్న లెక్క ప్రకారం ఉపాధి హామీలో శారీరక శ్రమకు ఇచ్చే కూలి మొత్తాన్ని కేంద్రం భరిస్తుంది, సామగ్రి ఖర్చులో నాలుగింట మూడు వంతులు కేంద్రం, మిగిలిన ఒక వంతు రాష్ట్రం పెట్టుకుంటాయి. కూలి 60 శాతానికి తగ్గకూడదు, సామగ్రి 40 శాతం దాటకూడదు. సిమెంటు రోడ్డులో కూలి వాటా నామమాత్రం, దాదాపు అంతా కంకర, ఇసుక, సిమెంటే. కాబట్టి జిల్లాలో సిమెంటు రోడ్లు, పంచాయతీ భవనాలు కట్టాలంటే ముందు గుట్టల మీద, చెలకల్లో అంతకు సరిపడా మట్టిపని జరిగి కూలి లెక్క పెరగాలి. గుట్ట మీద ఆడవాళ్లు తవ్విన 60 రూపాయల మట్టి, ఊళ్లో 40 రూపాయల సిమెంటుకు అర్హత సంపాదించి పెడుతుందన్న మాట. ఇందులో తప్పేమీ లేదు, వానాకాలం ఆటో దిగబడే గల్లీకి రోడ్డు కావలసిందే. కానీ ఈ లెక్కలో కందకం విలువ అది తవ్విన రోజుల కూలితోనే తీరిపోతుంది. తరువాత అందులో నీరు నిలిచిందా లేదా అన్నది ఏ పట్టికలోనూ అడగరు.

తవ్వినదాన్ని తరువాత కాపాడుకోవాలన్న ఈ పాఠం మా పాలమూరుకు, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లాకు, కొత్తది కాదు. 1970లలోనే కరువు పీడిత ప్రాంతాల పథకం కిందికి వచ్చిన జిల్లా ఇది. ఆ పథకాన్ని సమీక్షించడానికి సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన వేసిన కమిటీ 1994లో ఇచ్చిన నివేదిక మీదనే 1995 నాటి వాటర్‌షెడ్ (ఒకే వాగులోకి వాననీరు పారే ప్రాంతం) మార్గదర్శకాలు తయారయ్యాయి. గుట్ట నుంచి వాగు వరకు పనులు వరుసగా జరగాలని చెప్పడమే కాక, రైతు తన భూమిలో జరిగిన పనికి చెల్లించే వాటాను ఒక నిధిగా కూడబెట్టి, పథకం ముగిసిన తరువాత మరమ్మతులకు వాడుకోవాలని కూడా ఆ వాటర్‌షెడ్ పద్ధతిలో ఉన్నది. 2021 తరువాత వాటర్‌షెడ్‌కు హెక్టారు ఖర్చును మైదాన ప్రాంతాల్లో రూ.12,000 నుంచి రూ.22,000కు పెంచారు, అందులో 40 శాతం రాష్ట్రానిది. మా గుట్టకు మాత్రం ఆ పథకం లేదు, ఉన్నది ఉపాధి హామీ ఒక్కటే. దానిలో అటువంటి నిధి అనే ఆలోచనే లేదు.

గుట్ట దిగుతుంటే కింద చెరువు కనబడింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో రాష్ట్రం తన ఖర్చుతో పూడిక తీయించింది, రైతులు సొంత ట్రాక్టర్లతో ఆ మట్టిని పొలాలకు తోలుకున్నారు. ఆ పూడిక ఎక్కడిదో ఇప్పుడు పార కోసిన చోట చూసి వచ్చాను. నిండిన కందకం మీదుగా ఈ వానాకాలం జారే మట్టి కూడా ఆ చెరువులోకే చేరుతుంది, దాన్ని తీయడానికి మరొక శాఖ, మరొక పద్దు, మరొక మంజూరు కావాలి. ఎగువన కొద్దిపాటి కూలితో ఆపగలిగేదాన్ని దిగువన యంత్రాలు పెట్టి ఎత్తడం నాకు మింగుడుపడదు.

మధ్యాహ్నం మండలాఫీసులో కొలతలు ఎక్కిస్తుండగా ఆ ఊరి పెద్దమనిషి ఒకాయన వచ్చి తమ గల్లీ రోడ్డు ప్రతిపాదన గురించి అడిగాడు. గల్లీకి అడిగేవారు ఉన్నారు, గుట్టకు లేరు. రోడ్డును జాబితాలో ఉంచి, దాని కిందనే పాత కందకాల పూడికతీతకు ఒక అంచనా వేయడానికి కూర్చున్నాను. చిక్కు వెంటనే బయటపడింది: పూడిక మెత్తని మట్టి, ఘనపు మీటరుకు రేటు తక్కువ, అంతే కూలి రావాలంటే కూలీ చాలా ఎక్కువ మట్టి ఎత్తాలి, అదీ కందకం అడుగు నుంచి గట్టు మీదికి విసరాలి. ఒక్క పూడికే అంటే పనికి ఎవరూ రారు. అందుకని ఒక్కో గ్రూపుకు పాత కందకాల పూడికను, పక్కనే కొంత కొత్త మొరం తవ్వకాన్ని కలిపి, తీసిన ఒండ్రును గట్టు మీద పరిచి సీతాఫలం మొక్కలకు గుంతలు తీసేలా అంచనా మార్చాను.

సాయంత్రం మేట్‌కు ఫోను చేసి విషయం చెప్పాను. ఆమె కొంచెంసేపు లెక్క కట్టుకుని, "అట్లయితే వస్తరు సార్. గని ముందుగాల మొరం కొలత రాయుండ్రి, పూడిక కొలత తర్వాత. కూలి తక్కువ పడితే రెండోనాడు మనిషి దొరకదు" అన్నది. అంచనాలో క్రమాన్ని ఆమె చెప్పినట్టే మార్చి, ప్రతిపాదనను మంజూరు కోసం పైకి పంపాను.