కొమ్మ లావు కొలిచాకే మిషన్

ఫిబ్రవరి మొదట్లో ఒక పొద్దున మా సూపర్‌వైజర్ వ్యాన్ తలుపు వేస్తూ, "కొమ్మలు ముక్కలు చేసే ష్రెడ్డర్ ఒకటి కొందాం. 400 పౌండ్ల దాకా ఇస్తామన్నారు. ఏది కొనాలో నువ్వు చూసి చెప్పు" అన్నారు. రెడింగ్‌లో ఈ తోటపని కంపెనీలో చేరి అప్పటికి రెండేళ్ళు దాటింది. గడ్డి కోయమంటే కోశాను, ఆకులు ఊడవమంటే ఊడ్చాను. నన్ను అడిగి, నా మాట మీద డబ్బు పెడతామనడం మాత్రం అదే మొదటిసారి. ఆ రోజంతా ఏ కొమ్మ కోస్తున్నా దాని లావు చూస్తూనే ఉన్నాను.

మాది కడియపులంక. మా ఆయన ఉద్యోగం మీద ఇంగ్లండ్ వచ్చాం. డిపెండెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు ఇక్కడ దాదాపు ఏ పనైనా చేసుకోవచ్చు. నేను చదివింది బీకాం, చేతికి వచ్చిన పని మాత్రం నర్సరీ పని. అంటు కట్టడం, కొమ్మ ఎక్కడ తుంచాలో చూసుకోవడం, ఇవి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, నాన్న వెనకాల తిరుగుతూ వచ్చేశాయి. మా ఊళ్ళో కత్తిరించిన కొమ్మ గురించి ఎవరూ రెండోసారి ఆలోచించరు. ఎండితే పొయ్యిలోకి, ఆకైతే పెంటకుప్ప మీదికి.

ఇక్కడ అలా కుదరదు. తోటపని కంపెనీ కోసిన కొమ్మలు వ్యాపార చెత్త కింద లెక్క. అది మోసుకెళ్ళడానికి కంపెనీకి రిజిస్ట్రేషన్ ఉండాలి, పడేసే చోట డబ్బు కట్టాలి. పైగా యాపిల్ కొమ్మలు వ్యాన్ నిండా కుక్కామనుకుంటాం కానీ, అందులో సగానికి పైగా గాలే. ఒక్క తోటకి మూడు ట్రిప్పులు తిరిగిన రోజులున్నాయి. అదే కొమ్మల్ని అక్కడే ముక్కలు చేస్తే రెండు మూడు గోతాల్లో సర్దుకుంటాయి, ఆ మొక్కల మొదళ్ళలోనే పరవచ్చు.

మా పనుల్లో పెద్దది ఒక వృద్ధాశ్రమం తోట. నాలుగు ముసలి యాపిల్ చెట్లు, ఒక వరస హేజెల్ అనే గింజల పొదలు, గులాబీలు, ఓ పక్క పొడుగ్గా లారెల్ కంచె, అంటే ఏడాదంతా పచ్చగా ఉండే పొదల్ని వరసగా పెంచిన కంచె. యాపిల్ కొమ్మలు చలికాలంలోనే కోయాలి. కంచె పనేమో మార్చి వచ్చేలోపు అయిపోవాలి, ఎందుకంటే ఆ తర్వాత పిట్టలు గూళ్ళు పెడతాయి. గూడు కడుతున్నప్పుడు గానీ, వాడుకలో ఉన్నప్పుడు గానీ దాన్ని తెలిసి పాడుచేస్తే ఇక్కడ నేరం, 1981 నుంచి చట్టం ఉంది. అందుకే ఫిబ్రవరిలో మాకు అంత టెన్షన్.

కిందటేడు అక్కడికే ఒక మిషన్ అద్దెకు తెచ్చాం. దాంట్లో పళ్ళెం లాంటి చక్రం, దాని మీద రెండు బ్లేడ్లు. నిమిషానికి వేలసార్లు తిరుగుతూ పుల్లని చెక్కిపారేస్తుంది. ఎండు రెమ్మలు, సన్న పుల్లలు చక్కగా పొట్టు చేసింది. తడి ఆకు పడేసరికి కింద దారి ముద్దకట్టి మూసుకుపోయింది. ఆపడం, ప్లగ్ తీయడం, మూత విప్పి గోకడం, మళ్ళీ బిగించడం, గంటలో నాలుగుసార్లు ఇదే పని. దానికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది చప్పుడు. మధ్యాహ్నం కాస్త కునుకు తీసే వేళ కిటికీ దగ్గర ఒక పెద్దావిడ రెండు చేతులతో చెవులు మూసుకుని నిలబడి ఉన్నారు. ఏమీ అనలేదు. నేనే స్విచ్ ఆపేశాను. మిగిలిన కొమ్మలన్నీ వ్యాన్‌లో వేసుకొచ్చేశాం.

కాబట్టి ఈసారి షాపుకెళ్ళే ముందు కోసిన కుప్పని మూడుగా విడదీశాను. చిటికెనవేలు లావు లోపువి ఒక గుట్ట, బొటనవేలంత లావువి ఒక గుట్ట, అంతకన్నా లావైనవి ఒకటి. అన్నిటికన్నా పెద్దది మధ్య గుట్ట. 20, 25 మిల్లీమీటర్ల కొమ్మలే ఎక్కువ. 40 దాటినవి రెండు చేతుల్లో పట్టేటన్ని. వాటికోసం పెద్ద మిషన్ అక్కర్లేదు, రంపంతో కోసి పొయ్యి ఉన్నవాళ్ళకి ఇచ్చేస్తే సంతోషంగా తీసుకుంటారు. పెట్రోల్ మిషన్ ఆలోచన అక్కడితో పోయింది. చెట్ల మధ్యలో కరెంటు లేనిచోట అది కావాలి గానీ, మాకు గోడకి ప్లగ్ ఉంది, లోపల నిద్రపోయేవాళ్ళున్నారు.

రెండో గుట్టలోంచి ఓ పది కొమ్మలు గోతంలో కట్టుకుని షాపుకి వెళ్ళాను. పంగలున్నవి, వంకరవి ఏరి మరీ తీసుకెళ్ళాను. అట్టపెట్టె మీద 45 మిల్లీమీటర్ల లావు దాకా అని రాసి ఉంటుంది, అది తిన్నటి పచ్చికొమ్మకి సరిపోయే మాట. చెట్టు మీద కొమ్మ తిన్నగా ఎక్కడ పెరుగుతుంది? 30 లావున్న పంగకొమ్మ నోట్లో అడ్డం పడితే ఏ మిషనైనా ఆగిపోతుంది. షాపులో పెద్దాయన నా గోతం చూసి, వెనక పెరట్లో మిషన్ పెట్టి, "వెయ్యి, చూద్దాం" అన్నారు.

అది రోలర్ రకం, 2,500 వాట్లు. గేరు పళ్ళలాంటి బరువైన ఇనప రోలర్ నిమిషానికి నలభై చుట్లో ఏమో, అంత నెమ్మదిగా తిరుగుతుంది. చెరుకురసం బండి దగ్గర గడ ఎలా లోపలికి పోతుందో అలాగే కొమ్మని తనే పట్టి లాక్కుంటుంది. ఎదురుగా ఉన్న ప్లేటుకేసి నొక్కి, నలిపి, తుంచుతుంది. నెట్టక్కర్లేదు. పక్కన నిలబడి మామూలుగా మాట్లాడుకోవచ్చు. ఇరుక్కుంటే వెనక్కి తిప్పే బటన్ ఉంది. ముక్కలు వేలి గణుపంత పడ్డాయి, అంచులు నలిగి, పచ్చి యాపిల్ చెక్క వాసనతో.

లోపాలూ చూశాను. బాగా మెల్లగా తింటుంది. లేత పచ్చి కాడలు పూర్తిగా తెగక, దారాల్లా వేలాడుతూ వస్తాయి. అప్పుడు ప్లేటు రోలర్‌కి దగ్గరయ్యేలా పక్కనున్న మరను కొద్దికొద్దిగా తిప్పాలి. రోలర్ ప్లేటుని తాకగానే సన్నగా గీరుకున్న చప్పుడు వస్తుంది, కిందినుంచి మెరిసే అల్యూమినియం పొడి నాలుగు రవ్వలు రాలుతుంది. అక్కడ ఆపాలి, ఇంకా తిప్పితే ప్లేటు అనవసరంగా అరిగిపోతుంది. ఇది పుస్తకంలో చదివితే భయం వేసింది. ఆ పెద్దాయన నా చేత తిప్పించాక చేతికి అర్థమైపోయింది.

అమ్మకానికున్న మిషన్లన్నిటి మీదా చప్పుడు ఎంతో డెసిబెల్స్‌లో అతికించి ఉంటుంది. రేటుకన్నా ముందు ఆ స్టిక్కర్ చూడమంటాను. 10 డెసిబెల్స్ పెరిగితే ధ్వని శక్తి పది రెట్లు, కాబట్టి 92కీ 102కీ తేడా చిన్నది కాదు. బరువు కూడా ఎత్తి చూడాలి. మేం కొన్న ఈ రోలర్ మిషన్ 30 కిలోల దరిదాపు, వ్యాన్‌లోకి ఎక్కించడానికి ఇద్దరం కావాలి.

కొన్నాక నేర్చుకున్నవి కొన్ని ఉన్నాయి. కొమ్మ కోసిన రోజే, మహా అయితే ఆ వారంలోనే వేసేయాలి. ఎండితే గట్టిపడి మిషన్‌ని ఏడిపిస్తుంది. ఎక్స్‌టెన్షన్ వైరు చుట్టలోంచి మొత్తం బయటికి లాగాలి. 11 ఆంప్‌ల దాకా తీసుకునే మిషన్‌ని చుట్ట మీదుండగా నడిపితే వైరు వేడెక్కి కరిగిపోవచ్చు. మెడలో స్కార్ఫ్, వేలాడే తాళ్ళు, వదులు చేతుల చొక్కా అసలు వద్దు. నేను పని రోజుల్లో మంగళసూత్రం చొక్కా లోపల పెట్టి మెడ దాకా జిప్ వేసుకుంటాను. లారెల్ మాత్రం షెడ్డులోపల వేయకండి. నలిగితే చేదుబాదం వాసన వస్తుంది, దాంట్లో సైనైడ్ ఉంటుంది. ఆరుబయట, గాలికి ఎగువన నిలబడి వేస్తాం. ఆ ముక్కలు వ్యాన్‌లో తేవలసి వస్తే కిటికీలు దింపుతాం.

ఆశ్రమంలో గులాబీల కింద యాపిల్ ముక్కలు మూడంగుళాల మందాన పరిచాం, మొదలుకి తగలకుండా జానెడు వదిలేసి. పచ్చి చెక్క నేలలో నత్రజని లాగేస్తుందని మా టీమ్‌లో కుర్రాడు భయపడ్డాడు. మట్టిలో కలిపి తవ్వేస్తే నిజమే. పైన పరిస్తే ఆ ఇబ్బంది పైపైనే ఉంటుంది, వేళ్ళ దాకా పోదు. ఆ మధ్యాహ్నం కిటికీలు తెరిచే ఉన్నాయి. ఆ పెద్దావిడ వీల్‌చైర్‌లో బయటికొచ్చి, గుప్పెడు ముక్కలు అడిగి తీసుకుని, వాసన చూసి ఒళ్ళో పెట్టుకున్నారు.

అన్నం టైములో వ్యాన్‌లో కూర్చుని వీడియో కాల్‌లో నాన్నకి మిషన్ చూపించాను. అక్కడ సాయంత్రం ఆరు. "మనకీ ఒకటి తెస్తావేమ్మా? కొబ్బరిమట్టలు గుట్టలుగా పడున్నాయి" అన్నారు.

"మట్టకి ఇది పనికిరాదు నాన్నా. పీచు రోలర్‌కి చుట్టుకుపోతుంది. దానికి వేరే మిషన్ చూడాలి. ముందు మీరు కోసేవాటిని మూడు గుట్టలు చెయ్యండి, లావు కొలవండి. గన్నేరు మాత్రం కలపకండి, విషం."

మర్నాడు పొద్దున లేచి చూస్తే వాట్సాప్‌లో తొమ్మిది ఫొటోలు. మందార కొమ్మ, కాగితంపూల తీగ, సపోటా కొమ్మ, ప్రతిదాని పక్కనా మా తమ్ముడి కూతురి స్కూలు స్కేలు.